నీటి మరలో తడి బియ్యం

ఆష్‌బర్న్ దాటి పడమరకు అరగంట డ్రైవ్ చేస్తే డేటా సెంటర్ల గోడలు అయిపోతాయి. గుర్రాలు మేసే పొలాలు మొదలయ్యే చోట, వాగు ఒడ్డున మూడంతస్తుల రాతి మర ఉంది. పక్కన పెద్ద చెక్క చక్రం. శనివారాలు జనం వచ్చి దాని ముందు ఫొటోలు తీసుకుంటారు. మొన్న గుడిలో కలిసిన ఒకావిడ, "ఎంత క్లీన్‌గా మెయింటెయిన్ చేస్తున్నారండీ! మా పిల్లలు బటన్ నొక్కి చక్రం తిప్పారు" అంది మురిసిపోతూ. నేను తలూపాను. పిండి పట్టే మర ఎక్కడైనా అంత శుభ్రంగా ఉంటుందా? ఆ మర ఇప్పుడు పిండి పట్టదు. దాన్ని ఆపేసింది నేనే.

నా ఉద్యోగం డేటా సెంటర్లోనే, కానీ కంప్యూటర్ల జోలికి పోను. వాటిని చల్లబరిచే నీళ్ళు, పైపులు, పంపులు నా లోకం. మెకానికల్ ఇంజినీర్ని అంటే మన వాళ్ళు ఇప్పటికీ "అంటే ఏ టెక్నాలజీ అండీ?" అని అడుగుతారు. మా ఆఫీసు వాళ్ళు ఏడాదికొకసారి సమాజసేవ పేరుతో మమ్మల్ని బస్సెక్కించి ఎక్కడికో తీసుకెళ్తారు. అలా ఒక ఏప్రిల్లో ఆ మర కాలువలో పేరుకున్న ఆకులు ఎత్తిపోయడానికి వెళ్ళాను. మిగతా వాళ్ళు కంపెనీ టీషర్టుల్లో ఫొటో దిగి, మధ్యాహ్నానికి బస్సెక్కేశారు. నేను లోపలికి వెళ్ళి, తిరుగుతున్న ఇరుసు పక్కన నిలబడిపోయాను. రోజంతా తెర మీద అంకెలు చూసే దాన్ని. నీళ్ళ బరువు రాయిని తిప్పడం కళ్ళారా చూసి ఎన్నేళ్ళయిందో. చివరికి ఇంటికి ఊబర్ బుక్ చేసుకోవాల్సి వచ్చింది.

మర నడిపేది ఒక్క మనిషి. ఎనభై దాటిన తెల్లాయన, పొడగరి, నడుము కాస్త వంగింది, కనుబొమల మీద ఎప్పుడూ పిండి. టెలిఫోన్ కంపెనీలో స్తంభాలెక్కి వైర్లు కట్టి రిటైరయ్యాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ళ నాన్న ఆ మరలోనే పశువుల దాణా పట్టేవాడట. తర్వాత అది మూతపడి, కప్పు కూలి, పావురాల పాలయింది. ఈయన రిటైరయ్యాక ఊళ్ళో పదిమందిని కూడగట్టి కమిటీ వేయించాడు, కౌంటీ ఆఫీసు చుట్టూ తిరిగాడు, ఏళ్ళ తరబడి దాని మీదే పడి మళ్ళీ తిప్పాడు. చక్రం పలకలు ఆయన కోసినవే. లోపలి పళ్ళ చక్రానికి ఆపిల్ కర్రతో ఒక్కొక్క పన్నూ ఆయన చెక్కిందే. అరిగిన రాళ్ళకు గంట్లు కొట్టిందీ ఆయనే.

ఎవరైనా చూడటానికి వస్తే ముందు చక్రం చూపించేవాడు కాదు. గోడ దగ్గరికి తీసుకెళ్ళి, "ఈ రాళ్ళు మోసి కట్టింది బానిసలు. బోర్డు మీద యజమాని పేరొక్కటే ఉంది. ఒకసారి చెయ్యి పెట్టి చూడండి" అనేవాడు. కొందరు పెట్టేవాళ్ళు, కొందరు ఫోన్ చూసుకునేవాళ్ళు. ఎవరేం చేసినా ఆయన ఆ మాట చెప్పడం మానలేదు.

నన్ను 'ఇంజినీర్' అని పిలిచేవాడు. పాతికేళ్ళ ఉద్యోగంలో నన్నలా ఎవరూ పిలవలేదు. ఆ ఒక్క పిలుపుకే పడిపోయానేమో, శనివారం వస్తే చాలు మర దగ్గర తేలేదాన్ని. మా ఆయన మొదట్లో నవ్వారు. "గిర్నీ పెట్టుకోవడానికా అమెరికా వచ్చింది?" అన్నారు. తర్వాత తర్వాత టిఫిన్ కట్టి పంపడం మొదలుపెట్టారు.

కాలువ తూము ఎత్తడం, గింజలు పోసే చెక్కపెట్టె నింపడం, పై రాయిని ఎత్తీ దించీ పిండి బరకగానో మెత్తగానో వచ్చేలా చూడటం, అన్నీ ఆయన నేర్పినవే. పై రాయి మనం ఇంట్లో తిప్పే తిరగలి రాయి కాదు, దాని బరువు ఒక కారంత. చక్రం ఆపాక దాన్ని కింది రాయి నుంచి రెండు వేళ్ళ మందం పైకెత్తి పెట్టాలి. చివర ఎవరు పిండి పడితే వాళ్ళే ఎత్తాలి. అది అక్కడి పద్ధతి.

రెండో ఏడు నేను జొన్నలు తీసుకెళ్ళాను. ఆయన గుప్పిట్లోకి తీసుకుని, "ఇవి మేం ఆవులకు పెడతాం" అన్నాడు. నాకు చుర్రుమంది. తర్వాతి శనివారం ఆ పిండితోనే రొట్టెలు చేసి, పక్కన వంకాయ కూర పెట్టి పట్టుకెళ్ళాను. రెండు తిని, మూడోది రుమాల్లో చుట్టుకున్నాడు. ఆవుల మాట మళ్ళీ ఎత్తలేదు.

అంతే, మా వాట్సాప్ గ్రూపుల్లో 'రాతి మర పిండి' అని పాకిపోయింది. ఆరు నెలలు తిరక్కుండా శనివారం మధ్యాహ్నాలు మన వాళ్ళ క్యూ మొదలైంది. జొన్నలు, చోళ్ళు, కొర్రలు, శనగపప్పు. "అక్కా, గా రాగులు అయినంక నావి పొయ్యాలె" అని ఒకావిడ, "నేను ముందొచ్చానండీ, కార్లో బ్యాగ్ మర్చిపోయి వెళ్ళానంతే" అని ఇంకొకావిడ. "ఇది మర అండీ, మైక్రోవేవ్ కాదు, కాస్త ఆగండి" అని నేను. ఆ ముసలాయన మధ్యలో నిలబడి, ఒక్క మాటా అర్థం కాకపోయినా సంబరంగా చూసేవాడు. తన చిన్నప్పుడు బళ్ళ మీద మూటలతో రైతులు ఇలాగే పోట్లాడుకునేవాళ్ళట. కమిటీ వాళ్ళు కౌంటీకి రాసే ప్రతి కాగితానికీ మా క్యూ ఫొటో జత చేసేవాళ్ళు, ఈ మర జనానికి పనికొస్తోంది చూడండి, ఆపకండి అని.

ఆయన పెట్టిన నియమం ఒక్కటే. తడి గింజ పోయకూడదు. పోస్తే రాళ్ళ గంట్లలో ముద్దయి గట్టిపడుతుంది. ఇంగ్లీషులో బోర్డు రాసి పెట్టాడు. దాని కింద, 'తడి ధాన్యం పోయవద్దు' అని తెలుగులో రాసింది నేను.

మా మనవరాలు నవంబర్లో నడిచింది. సోఫా పట్టుకుని నిలబడ్డది, పట్టు వదిలి నాలుగడుగులు వేసి నా మోకాళ్ళ మీద పడింది. మా ఇళ్ళల్లో బిడ్డ అడుగులేస్తే అరిసెలు వండి, వాటిని వరసగా పేర్చి, బిడ్డను వాటి మీద నడిపించి, అందరికీ పంచుతారు. మా అమ్మ నాకు చేసింది. నేను మా అమ్మాయికి చేయలేదు. అప్పుడు న్యూజెర్సీలో ఒక చిన్న అపార్ట్‌మెంట్లో, కొత్త ఉద్యోగంలో, కొట్లో కొన్న బిస్కెట్ల మీద నడిపించి ఫొటో తీసి ఇండియాకి పంపాను. ఆ బిస్కెట్ల ఫొటో ఇరవై తొమ్మిదేళ్ళు నా గొంతులో ముల్లులా ఉండిపోయింది.

"అమ్మా, స్టోర్‌లో రైస్ ఫ్లోర్ దొరుకుతుంది కదా, అది యూజ్ చెయ్యి" అంది మా అమ్మాయి.

"దాంతో చేస్తే అరిసె కాదే, అట్టముక్క అవుతుంది" అన్నాను.

అరిసెకు తడి పిండే కావాలి. బియ్యం నానబోసి, నీళ్ళు వార్చి, గుడ్డ మీద కాసేపు పరిచి, పట్టుకుంటే చేతికి అంటీ అంటనట్టున్నప్పుడు పట్టించాలి. మిక్సీలో వేస్తే వేడెక్కి పాడవుతుంది. మా ఊళ్ళో పిండిమర అతను సాయంత్రం అన్ని గింజలూ అయిపోయాక తడి బియ్యం పట్టేవాడు. వెనకే గుప్పెడు పొడి బియ్యం పోసేవాడు, మర శుభ్రమైపోయేది. చిన్నప్పుడు పక్కన నిలబడి ఎన్నిసార్లు చూశానో! అదొక పెద్ద విద్యలా నా బుర్రలో కూర్చుంది. అది కరెంటుతో గిర్రున తిరిగే చిన్న మర అనీ, ఇది నీళ్ళతో మెల్లగా నడిచే రాతి కొండ అనీ ఆలోచించాల్సిన మెకానికల్ ఇంజినీర్ ఆ రోజు ఎక్కడికి పోయిందో తెలియదు.

అది ఆ ఏటికి ఆఖరి శనివారం. చలికాలం నాలుగు నెలలూ మర మూసేస్తారు. మన వాళ్ళందరూ పట్టించుకుని వెళ్ళిపోయారు. ముసలాయన పైన కాలువ జాలీకి పట్టిన ఆకులు లాగడానికి వెళ్ళాడు. ఆయన్ని అడిగితే వద్దంటాడని తెలుసు, అందుకే ఆయన వెళ్ళేదాకా ఆగాను. కార్లోంచి స్టీలు డబ్బా తెచ్చి, నాలుగు సోలల తడి బియ్యం పెట్టెలో పోశాను. పిండి మెత్తగా రావాలని రాయిని ఎన్నడూ దించనంత కిందికి దించాను. వచ్చింది, తెల్లగా, వెన్నలా. వెనకే గుప్పెడు పొడి బియ్యం పోశాను. శుభ్రమైపోయిందని నాకు నేనే సర్టిఫికెట్ ఇచ్చుకున్నాను.

ఆయన తిరిగొచ్చేసరికి డబ్బా సంచిలో దాచేశాను. తడి పిండి ఆరిపోకముందే పాకంలో పడాలి, ఇంటికి అరగంట డ్రైవ్. నా కంగారు చూసి, "నువ్వెళ్ళు ఇంజినీర్, నేను మూసేస్తాను" అన్నాడు. బతుకు జీవుడా అని పరుగెత్తాను. రాయి ఎత్తలేదు. నేను ఎత్తే ఉంటానని ఆయన అనుకున్నాడు. నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా నేను ఎత్తకుండా వెళ్ళలేదు మరి.

అరిసెలు బ్రహ్మాండంగా వచ్చాయి. మనవరాలు ఒకదాని మీద నిలబడి ఇంకోదాన్ని నోట్లో పెట్టుకుంది. వీధిలో అందరికీ పంచాను, ఆఫీసుకి పట్టుకెళ్ళాను. ఆయనకు మాత్రం పంపలేదు. పంపితే ఆ పిండి ఎక్కడిదని అడుగుతాడు.

చలికాలమంతా నాకు ఆ రాయి గుర్తే రాలేదు. నిజం చెప్పాలంటే ఒకసారి వచ్చింది, జనవరిలో మంచు తవ్వుతుంటే. చూద్దాంలే అనుకున్నాను.

మార్చి చివర, మర మళ్ళీ తెరిచిన మొదటి శనివారం. ముప్పైమంది దాకా వచ్చారు, సంచులతో, పిల్లలతో. ముసలాయన కొత్త చొక్కా వేసుకున్నాడు. తూము ఎత్తాడు. నీళ్ళు చక్రం మీద పడ్డాయి, తొట్లు ఒకదాని తర్వాత ఒకటి నిండాయి. చక్రం కదల్లేదు. ఆయన తూము ఇంకొంచెం ఎత్తాడు.  ఆ క్షణంలో మొత్తం అర్థమైంది నాకు. "ఆపండి" అని అరవాలి. అరవలేదు. చక్రం ఒక్క ఊపున పావు వంతు తిరిగింది, లోపల ఫెళఫెళమంటూ శబ్దం. పళ్ళ చక్రానికి ఆయన చెక్కిన పళ్ళు వరసగా విరిగి కింద పడ్డాయి.

ఆయన తూము దించేశాడు. లోపలికి వెళ్ళి, వంగి, రాళ్ళ సందులోకి టార్చి వేసి చూశాడు. పై రాయి కింది రాయికి అంటుకుపోయి ఉంది, సందే లేదు. లేచి నిలబడి, అందరికీ వినపడేలా అన్నాడు, "తప్పు నాదే. శీతాకాలానికి రాయి ఎత్తడం మర్చిపోయాను."

నేను ఆయనకు మూడడుగుల దూరంలో ఉన్నాను. చుట్టూ మన వాళ్ళు, కమిటీ వాళ్ళు. ఇప్పుడు కాదు, సోమవారం ఫోన్ చేసి చెబుతాననుకున్నాను. ఇంతకన్నా సిగ్గుమాలిన మాట నా జన్మలో అనుకోలేదు.

సోమవారం చెప్పలేదు. రాయి ఎత్తి శుభ్రం చేస్తే నా తప్పు దానంతటదే బయటపడుతుంది, అప్పుడు ఒప్పుకోవచ్చు అనుకున్నాను. కానీ రాయిని ఎత్తే పాత చెక్క దూలాన్ని చూడటానికొచ్చిన కౌంటీ ఇన్‌స్పెక్టర్, అది పుచ్చిపోయింది, ముట్టుకోవద్దన్నాడు. కొత్త దూలం పెట్టాలంటే పై అంతస్తు విప్పాలి. పై అంతస్తు విప్పితే కప్పు నిలుస్తుందో లేదో చెప్పలేమన్నారు. రాయి లేవలేదు. నా బియ్యం ఇప్పటికీ ఆ రెండు రాళ్ళ మధ్యే ఉంది, ఎవరూ చూడలేదు, ఇక చూడరు.

మే నెలలో కమిటీ మీటింగ్. ముసలాయన లేచి నిలబడి, మర తాళం బల్ల మీద పెట్టాడు. "నాకు మతిమరుపు మొదలైంది. ఈ సారి పళ్ళు విరిగాయి. ఈ సారికి ఎవరి చెయ్యీ విరగలేదు, అదే అదృష్టం" అన్నాడు. కమిటీ ప్రెసిడెంట్, రిటైరైన ఒక టీచరమ్మ, కళ్ళు తుడుచుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు, ఇన్నేళ్ళ సేవకు. నేనూ కొట్టాను. 

ఆ మీటింగ్ అయ్యాక పార్కింగ్ లాట్‌లో చూశాను, ఆయన్ని ఎక్కించుకోవడానికి కూతురు వచ్చింది. ఆయన డ్రైవింగ్ మానేశాడని ఆ కూతురే చెప్పింది. రాయి సంగతి మర్చిపోయినవాణ్ణి, రెడ్ లైట్ సంగతి మర్చిపోనని ఏమిటి నమ్మకం అన్నాడట. అది విన్నాక ఇక నిలవలేకపోయాను. తిరిగి లోపలికి వెళ్ళి ప్రెసిడెంటమ్మకు అంతా చెప్పాను. తడి బియ్యం, దించిన రాయి, అన్నీ. ఆవిడ నా రెండు చేతులూ పట్టుకుంది.

"నువ్వా? ఆ బోర్డు రాసిందే నువ్వు కదా!" అంది. "మనందరికీ ఆయనంటే అభిమానమే. కానీ ఇలా తప్పు నీ మీద వేసుకుంటే ఆయన వయసు తగ్గదు కదా."

"నేను నిజం చెబుతున్నాను" అన్నాను.

"తెలుసు, తెలుసు" అంది. ఆ తెలుసులో నమ్మకం లేదని నాకు తెలిసింది. మా డేటా సెంటర్లో ఒక వాల్వు తిప్పితే ఎవరు, ఎప్పుడు, ఎంత తిప్పారో రికార్డవుతుంది. ఇక్కడ నా తప్పుకు సాక్ష్యం ఒక స్టీలు డబ్బా, అదీ తోమేశాను. నేనే చెప్పినా ఆవిడకు పట్టలేదు. ఎలాగూ అప్పటికే తీర్మానం అయిపోయింది. చక్రాన్ని రాళ్ళ నుంచి విడదీసి కరెంటు మోటారు పెడతారు, రాళ్ళ చుట్టూ అద్దాలు బిగిస్తారు, తెర మీద వీడియో చూపిస్తారు. మర క్షేమంగా ఉంటుంది. మన వాళ్ళు రెండు శనివారాలు సంచులతో వచ్చి తిరిగి వెళ్ళారు. మూడో వారం నుంచి ఆన్‌లైన్‌లో పిండి ఆర్డర్ చేసుకున్నారు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఆయన ఇంటికి వెళ్ళాను. ముందుగా ఫోన్ చేశాను, ఎదురుచూస్తూ వరండాలో కూర్చుని ఉన్నాడు. కూతురు నిమ్మరసం తెచ్చి పెట్టి పక్కనే కుర్చీలో కూర్చుంది. డాక్టరు మతిమరుపు పరీక్షలు చేశాడట, గడియారం బొమ్మ గీయమన్నాడట.

"గీశాను, బాగానే ఉందన్నాడు. కానీ గడియారం గీయడం వేరు, రాయి ఎత్తడం వేరు. ఆ రోజు మూసేటప్పుడు నేనేం చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు ఇంజినీర్. రాత్రిళ్ళు అదే వెతుక్కుంటాను" అన్నాడు.

"మీరు మర్చిపోవడానికి అక్కడేమీ లేదు. ఆఖరున పిండి పట్టింది నేను. రాయి ఎత్తాల్సింది నేను" అన్నాను. మొదలుపెట్టాక ఆగలేదు. మనవరాలు నడవడం దగ్గర్నుంచి చెప్పాను. బియ్యం ఎంతసేపు నానబెట్టానో, ఎన్ని సోలలో, ఆయన ఆకులు లాగడానికి వెళ్ళేదాకా ఎలా ఆగానో, డబ్బా ఏ సంచిలో దాచానో. నాకు ఏడుపొచ్చేసింది. ఏడుస్తూనే చెప్పాను.

 అంతా విన్నాక ఆయన అడిగాడు, "తడి గింజ పోయకూడదని నీకంటే బాగా ఎవరికి తెలుసు? మరి ఎందుకు పోశావ్?"

"అరిసెల కోసం. అంటే, మా బిడ్డ అడుగులేసింది. దానికి ఒక పిండివంట చేస్తాం. దాని మీద నడిపిస్తాం" అన్నాను. నా నోటి నుంచి వస్తుంటే నాకే అది కట్టుకథలా వినిపించింది.

"మిఠాయి మీద నడిపిస్తారా?" అన్నాడు.

"అవును."

 ఆయన మెల్లగా నవ్వాడు. కోపమొస్తుందేమో, తిడతాడేమో, లేచి పొమ్మంటాడేమో అని ఇంటి దగ్గర్నుంచి అన్నిటికీ సిద్ధపడి వచ్చాను, ఆ నవ్వుకు మాత్రం సిద్ధపడలేదు.

"తూము సరిగా లేదని మా అబ్బాయి చెప్పాడు. చలికి కర్ర బిగిసిందని పక్కింటాయన చెప్పాడు. అందరూ నన్ను ఓదార్చడానికి ఏదో ఒకటి చెప్పారు. ఇంత పెద్ద కథ మాత్రం ఎవరూ అల్లలేదు" అన్నాడు.

"కథ కాదు. ఒట్టు. మా మనవరాలి మీద ఒట్టు" అన్నాను.

"అలా బిడ్డ మీద ఒట్లు పెట్టుకోకు" అని నా చెయ్యి తట్టి, కూతురి వైపు తిరిగాడు. "చూశావా, ఇంజినీర్ నాకోసం అబద్ధం చెప్పడానికి ఇంత దూరం డ్రైవ్ చేసుకొచ్చింది."

కూతురు లేచి వచ్చి, "మీ మేలు మర్చిపోలేం" అంటూ నన్ను గట్టిగా కౌగిలించుకుంది.